గంగులయ్య ఒడ్డుకెక్కిన ఏడు

గంగులయ్య తెడ్డు దించిన ఏడాది పాళెంలో మగవాళ్ళంతా ఆయన కోసం బాధపడ్డారు. ఆడవాళ్ళు మాత్రం తమ కోసం తాము బాధపడ్డారు. మగవాళ్ళకేం, తెల్లారకముందే పడవలెక్కి వెళ్ళిపోతారు. పగలంతా ఆయనతో వేగవలసింది ఆడవాళ్ళే కదా.

మైపాడుకి దక్షిణంగా రెండు మైళ్ళ దూరాన, ఇసుకదిబ్బల వెనక ముప్ఫై గడప ఉన్న పాళెం అది. నెల్లూరు కొట్లలోకి నైలాను వలలు వచ్చాయట అని జనం వింతగా చెప్పుకుంటున్న రోజులు. ఆ పాళెంలో పెద్దపడవకి గంగులయ్య ముప్ఫై ఎనిమిదేళ్ళు తెడ్డు పట్టాడు. తెడ్డు పట్టినవాడంటే పడవకి పెద్ద. ఎటు పోవాలో, ఎక్కడ వల దించాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో అతను చెప్పిందే మాట.

అక్కడొక కట్టుబాటు ఉంది. తెడ్డు పట్టినవాడు అలల్లోకి దూకేటప్పుడు ఒక్కసారి కాలు తడబడి పడ్డాడంటే, ఎవరూ ఏమీ అనరు. ఆ సాయంత్రం తనంతట తనే తెడ్డు కడిగి, పసుపు పూసి, పోలేరమ్మ అరుగుమీద పెట్టి రావాలి. వైశాఖంలో ఒకరోజు గంగులయ్య మోకాలు ఆయన మాట వినలేదు. నడుములోతు నీళ్ళలో బోర్లా పడ్డాడు. లేచి, ముక్కులోంచి ఉప్పునీళ్ళు చీదుకుని, "నేనే దూకినాలే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకి కొంచెం బాగుండేది. ఆ సాయంత్రమే తెడ్డు అరుగుమీదికి చేరింది. పదకొండేళ్ళుగా ఆయన పక్కనే పడవలో ఉన్న అల్లుడు ముత్యాలయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి గంగులయ్య నేలమీద పెత్తనం మొదలుపెట్టాడు. నెత్తళ్ళు ఆరబోస్తుంటే పక్కన నిలబడి, "ఆ వరస వంకర పోయింది, సరిచేయండి" అనేవాడు. ఎండుచేపకి వంకరేంటో ఆ ఆడవాళ్ళకి అర్థమయ్యేది కాదు. బావి దగ్గర ఎవరి తర్వాత ఎవరు చేదాలో ఆయనే చెప్పేవాడు. ఒకనాడు పొరుగింటి మస్తానమ్మకి చేపలకి ఉప్పు పట్టించడం నేర్పబోయాడు. ఆమె అప్పటికి యాభై ఏళ్ళ నుంచి ఉప్పు పట్టిస్తోంది. ఆమె ఉప్పుచట్టి ఆయన చేతిలో పెట్టి, ఇంటికి వెళ్ళి పడుకుంది. గంగులయ్య రెండు బుట్టల కవళ్ళ చేపలకి ఉప్పు పట్టించేసరికి చేతుల మీద పగుళ్ళు భగభగ మండాయి.

"ఇంట్లో పడవ లేదయ్యా, తెడ్డు పట్టి కూర్చోడానికి. ఊరుకోరాదా" అంది ఆయన భార్య కామాక్షమ్మ, ఆ చేతులకి కొబ్బరినూనె రాస్తూ.

"ఊరుకోని ఏం చేసేది?" అన్నాడు గంగులయ్య.

నిజానికి ఆయన బాధ అదే. అరవైకి దగ్గర పడిన మనిషి, ఒళ్ళు గట్టిగానే ఉంది, ఆకలి బాగానే ఉంది, కానీ పొద్దున్నే లేచి ఎందుకు లేచానా అని ఆలోచించుకోవలసి వస్తోంది. నేలమీద తన చెయ్యి పడితే తప్ప జరగని పని ఒక్కటైనా దొరికితే చాలనుకున్నాడు.

భాద్రపదం వచ్చింది. సాయంత్రాలు హాయిగా వీచే పైరగాలి ఆగిపోయి, ఉత్తరం నుంచి ఒకటీ అరా చల్లటి విసురు మొదలైంది. ఇంకో నెల దాటితే తుఫాన్ల రోజులు, పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. ఒకరోజు కామాక్షమ్మ ఇంటి దూలాన్ని రోకలితో తట్టి చూసింది. లోపలంతా చెదలు. పొడి రాలి ఆమె నెత్తిన పడింది.

"ఈ వానలకి ఇది ఆగదయ్యా."

గంగులయ్య ముఖం వెలిగిపోయింది. ఇల్లు కూలబోతోందని విని అంత సంతోషించిన మనిషిని కామాక్షమ్మ అంతవరకూ చూడలేదు.

వెంటనే పాళెం పెద్ద చెంచురామయ్య దగ్గరికి వెళ్ళి అడిగాడు. చెంచురామయ్య అప్పుడు చిరిగిన వల అల్లుకుంటూ తల ఎత్తకుండానే, "తోపులో కాపులేని చెట్టు ఏదో ఒకటి కొట్టించుకో పో" అన్నాడు. తోపంటే పాళెం పక్కన దిబ్బ కింద నుంచి దిబ్బ మీదిదాకా ఉన్న నలభై తాటిచెట్లు. అది ఆడవాళ్ళ రాజ్యం. చేపలు ఎండేసుకోవడం, మట్టలు ఏరుకోవడం, ఊసులాడుకోవడం అన్నీ అక్కడే. గంగులయ్య అటు వెళ్ళి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. ఇంటి నుంచి పడవకి, పడవ నుంచి ఇంటికి, అదీ ఆయన ఎరిగిన దారి.

మర్నాడు పడవలు వెళ్ళిపోయాక, లోపలి ఊరి నుంచి చెట్లు కొట్టే హజరత్తయ్య గొడ్డలి భుజాన వేసుకుని ఇద్దరు మనుషులతో వచ్చాడు. తోపులోకి వెళ్ళి చూస్తే గంగులయ్యకి నలభై చెట్లూ ఒకేలా కనిపించాయి. ఆ మాట హజరత్తయ్య ముందు ఒప్పుకోవడం ఇష్టంలేక గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మే, ఏది కొట్టిద్దాం?"

కామాక్షమ్మ తిన్నగా దిబ్బ పైకి నడిచి, అన్నిటికంటే ఎత్తున ఉన్న చెట్టు మొదట్లో చెయ్యి పెట్టింది. "ఇది. పోతుచెట్టు, కాయ కాయదు."

"దిబ్బమీది చెట్టా? ఇంటిదాకా మొయ్యొద్దూ?"

"మోసేది నువ్వు కాదుగా. ఇదే కొట్టించు."

నడిమధ్యాహ్నానికి చెట్టు కూలింది. నేల అదిరి, ఎండేసిన చేపలన్నీ ఒక్క ఎగురు ఎగిరాయి. మొవ్వు నరికేసి, మొద్దుని తాళ్ళు కట్టి లాక్కొచ్చి ఇంటి ముందు పడేశారు. గంగులయ్య ఆ మొద్దు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. పిలిచి మరీ మస్తానమ్మకి చూపించాడు. వైశాఖం తర్వాత ఆయన కడుపునిండా అన్నం తిన్నది ఆ మధ్యాహ్నమే.

పొద్దు వాలుతుండగా చిన్నచిన్న తెప్పలన్నీ ఒడ్డుకొచ్చాయి. పెద్దపడవ మాత్రం రాలేదు. ఇంకాసేపటికి దక్షిణం నుంచి ఏడుగురు మనుషులు, మోకాళ్ళలోతు నీళ్ళలో పడవని మోకుతో లాక్కుంటూ నడిచి వస్తూ కనిపించారు. నాలుగు మైళ్ళ అవతల వేరే పాళెంలో ఒడ్డెక్కారట. అక్కడొక ముసలావిడ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, "ఎవరింటికి నాయనా, పెళ్ళికా?" అని అడిగిందట. పడవలో వాళ్ళు ఆ సంగతి చెప్పగానే పాళెమంతా గొల్లుమంది. తన ఊరు తనకి దొరకని మొనగాడు ముత్యాలయ్య అని ఆడవాళ్ళు కూడా మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ముత్యాలయ్య తిన్నగా మామ ఇంటికి వచ్చి, ఎదురుగా కనబడిన మొద్దు మీద కూలబడ్డాడు. తడిబట్టలు కూడా మార్చుకోలేదు.

"ఏమైంది అబ్బయ్యా?" అన్నాడు గంగులయ్య.

ముత్యాలయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. సముద్రం మీద దారి చూపే గురుతుల్ని ఒడ్డున నోరు తెరిచి చెప్పకూడదు. వేరే పాళేల వాళ్ళ చెవిన పడితే మంచి చోట్లన్నీ వాళ్ళ పాలవుతాయని తాతల నాటి భయం. కట్టుకున్న భార్యకి కూడా చెప్పరు. అందుకే అతను మామ చెవి దగ్గరికి వంగాడు.

"పొద్దున బండ మీదికి పోయినాం మామా. గురుతులు రెండూ ఒక గీతలోకి వచ్చినాయి. వల దించినాం, పది వంజరాలు పడినాయి. మళ్ళా చూసుకునే లోపల నీళ్ళు మమ్మల్ని ఉత్తరానికి లాగినాయి. తిరిగి గీతలోకి పోదామని ఒడ్డుకేసి చూస్తే, గోపురం ఉండాది, ఒంటితాడి లేదు. కళ్ళు కడుక్కోని చూసినా. లేదు. ఒంటితాడి లేని ఒడ్డు మనది కాదు గదా, చానా దూరం కొట్టుకోని పోయినామనుకున్నా. అది కనపడేదాకా పోదామని దక్షిణానికి పోతానే ఉన్నా."

బండంటే సముద్రం అడుగున ఉన్న రాతిచట్టు. గాలి తిరిగాక తుఫాన్లు మొదలయ్యే లోపు, ఆ మూడు నాలుగు వారాలు వంజరాలు అక్కడే తిరుగుతాయి. పాళెం చలికాలమంతా తినే తిండి ఆ చేపల మీదే. లోపలి ఊరి గోపురం ముందు ఒంటితాడి నిలువుగా వచ్చి నిలబడితే పడవ బండ మీద ఉన్నట్టు. ఆ గురుతు గంగులయ్య తండ్రి పట్టింది.

గంగులయ్య వింటూ విననట్టు అల్లుడు కూర్చున్న మొద్దు వంక చూశాడు. మెల్లగా, చాలా మెల్లగా ఒక సంగతి ఆయన బుర్రకెక్కింది. సముద్రం మీద నుంచి చూస్తే తోపంతా దిబ్బ చాటున మునిగిపోతుంది. దిబ్బ మీదున్న ఒక్క చెట్టే ఆకాశంలోకి కనబడుతుంది. అందుకే మగవాళ్ళకి అది ఒంటితాడి. నేల మీద దాని చుట్టూ ముప్ఫై తొమ్మిది చెట్లున్నాయి. దాన్ని ఒంటిది అనుకునే అవసరం ఎవరికీ రాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నీళ్ళమీద నుంచి ఆ చెట్టుకి దణ్ణం పెట్టినంత పని చేసిన మనిషి, ఆ పొద్దున దాని పక్కనే నిలబడి, హజరత్తయ్యకి మజ్జిగ పోసి మరీ కొట్టించాడు.



"నాకు చేతకాదు మామా" అన్నాడు ముత్యాలయ్య. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఊరు ఊరంతా నవ్వతా ఉండారు. తెడ్డు నువ్వే పట్టు. మోకాలుదేముంది, మేం నలుగురం పట్టుకోని దించుకుంటాం. రేపు పొద్దున్నే రా."

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ క్షణంలో గంగులయ్యకి కలిగింది సంతోషమే. నాలుగు నెలలుగా రోజూ కలగన్న మాట అది. ఇక బావి దగ్గర వరసలు చూడనక్కర్లేదు. చెట్టు సంగతి మగవాళ్ళెవరికీ తెలియదు. ఆడవాళ్ళకి గురుతు సంగతి తెలియదు. తను నోరు మూసుకుంటే చాలు. బండ ఎక్కడుందో తనకి గురుతు లేకపోయినా దొరుకుతుంది. రాయి కట్టిన తాడు అడుక్కి వదిలి, చేతికి తగిలే అదురుని బట్టి పట్టుకోగలడు. పాళెమంతా ఆహా అంటుంది.

అల్లుడు మాత్రం ఇక ఈ జన్మలో తెడ్డు ముట్టడు. ముత్యాలయ్య తల వంచుకుని గోళ్ళతో మొద్దు బెరడు గీకుతున్నాడు. ఆ గీకుడు చూడలేకపోయాడు గంగులయ్య.

"అబ్బయ్యా, నీ కళ్ళకేమీ కాలేదు. నీ తెడ్డుకీ ఏమీ కాలేదు" అన్నాడు, గొంతు తగ్గించకుండా, వీధికంతా వినబడేలా. "ఒంటితాడి యాడికీ పోలేదు. నువ్వు దానిమీదే కూర్చోనుండావు."

ముత్యాలయ్య ముందు అర్థంకాక చూశాడు. తర్వాత మొద్దు మీద నుంచి నిప్పు తగిలినట్టు లేచాడు.

పోలేరమ్మ అరుగు దగ్గర అందరూ చేరారు. గంగులయ్య జరిగిందంతా చెప్పాడు. గురుతు పేరుతో సహా, ఆడవాళ్ళూ పిల్లలూ వింటుండగా. "నలభై ఏళ్ళు సముద్రం మీద నుంచే ఊరిని చూసినా. ఊరిలో నుంచి ఊరిని చూసుకోలా. తప్పు నాది, అబ్బయ్యది కాదు" అన్నాడు. చెంచురామయ్య గడ్డం గోక్కుని, "కొట్టించుకో పో అన్నది నేనే గదంట్రా" అన్నాడు దిగులుగా. దాంతో ఎవరో కిసుక్కుమన్నారు. మస్తానమ్మ పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఇక ఎవరూ ఆగలేదు. ఆ నవ్వుల్లో ముత్యాలయ్య కూడా ఉండటం చూసి గంగులయ్యకి ప్రాణం లేచొచ్చింది.

చెట్టు పోతే మొదలు ఉంది కాబట్టి, దాని పక్కనే పొడుగాటి సరుగుడు కొయ్య పాతుదామని అనుకున్నారు. అది నీళ్ళమీద నుంచి కనబడుతుందో లేదో పడవలో పోయి చూడాలి.

"రేపు నువ్వు పడవెక్కు మామా, నీ కంటికి ఆనితే చాలు" అన్నాడు ముత్యాలయ్య.

"తెడ్డు పట్టినవాడి కంటికి ఆనాల. నువ్వు చూసి చెప్పు, నేను దిబ్బమీదుండి కొయ్య నిలబెడతా. కనపడకపోతే తెరచాప ఒకసారి దించు. కనపడితే మూడుసార్లు" అన్నాడు గంగులయ్య. ఆ మాట అనడం ఆయనకేమీ తేలిక కాలేదు. అయినా అనేశాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి పడవ బండ ఉన్న చోటుకి దరిదాపుల్లో చిన్న చుక్కలా ఆగింది. దిబ్బ మీద గంగులయ్య నలుగురు మనుషుల్ని పెట్టుకుని, తన తెల్లపంచె కట్టిన కొయ్యని నిలబెట్టించాడు. తెరచాప ఒకసారి దిగింది. కొయ్య కిందికి దించి, ఇంకో బారెడు కొయ్య అతికి, రెండు పంచెలు కట్టాడు. తెరచాప మళ్ళీ ఒకసారే దిగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు అందరికీ ఆజ్ఞలిచ్చిన మనిషి, అల్లుడు తెరచాప ఆడించినట్టల్లా కొయ్య ఎత్తుతూ దించుతూ చెమటలు కక్కాడు. మూడోసారికి, "వీడి కళ్ళు నిజంగానే పోయినాయేమో" అని గొణిగాడు.

గంజి తెచ్చిన కామాక్షమ్మ కుండ దింపి, కొయ్య వంక చూసింది. "తెల్లగుడ్డ ఎండలో కలిసిపోతాదయ్యా. నల్లది కట్టు."

"నీకెట్టా తెలుసు?"

"నీ తెరచాపకి నల్లగుడ్డ అతుకు వేసినా గదా, మన పెళ్ళయిన కొత్తలో."

"వేరే గుడ్డ లేక వేసినావనుకున్నా."

"వేరే గుడ్డ ఎందుకు లేదూ. తెల్లది వేసి చూసినా, ఇక్కణ్ణించి ఆనలా. నల్లది వేస్తే అన్ని పడవల్లో నీది తెలిసిపోయేది. చిరిగినప్పుడల్లా మళ్ళా నల్లదే వేసినా."

గంగులయ్య చేతిలో కొయ్య ఆగిపోయింది. "ఇక్కణ్ణించి అంటే?"

"ఈ చెట్టు కిందే" అంది కామాక్షమ్మ, కుండలో గరిటె తిప్పుతూ. "పొద్దు వాలేసరికి వచ్చి, నీ పడవ ఆనేదాకా ఉండి, ఆనినాక పోయి పొయ్యి రాజేసేదాన్ని. మబ్బు పట్టినరోజు మధ్యాహ్నమే వచ్చేదాన్ని. ఎత్తుమీద ఉండేది ఇదొక్కటే గదా."

"మరి దీన్నే ఎందుకు కొట్టించినావే?"

"నువ్వు ఇంట్లో ఉండావు గదయ్యా. ఇంక దీంతో నాకేం పని? దీని మొహం చూసి చూసి విసుగొచ్చింది."

రోజూ సాయంత్రం గంగులయ్య కళ్ళు చిట్లించుకుని వెతికింది ఈ చెట్టునే. అది కనబడగానే, ఇంటికి చేరినట్టే అనుకుని హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు. దాని కింద మనిషి ఉందని ఒక్కనాడూ అనుకోలేదు. ఆమె కూడా ఒక్కనాడూ చెప్పలేదు. కొయ్య పట్టుకున్న మనుషులు చూస్తున్నారని మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

కామాక్షమ్మ ఇంటికి వెళ్ళి తన పాత నల్లచీర తెచ్చింది. దాన్ని కట్టి కొయ్య ఎత్తారు. చీర గాలికి విప్పుకుంది. చాలాసేపటికి తెరచాప దిగింది. లేచింది. మళ్ళీ దిగింది. మూడోసారి దిగేసరికి దిబ్బ కింద ఆడవాళ్ళు కేకలు పెట్టారు. కొయ్యని మనిషిలోతు పాతి, చుట్టూ రాళ్ళు కూరారు. వాన కాలమంతా దాన్ని చూసుకునే పని, చిరిగినప్పుడల్లా గుడ్డ మార్చే పని చెంచురామయ్య అక్కడికక్కడే గంగులయ్యకి అప్పగించాడు. పడవ వల దించి చేపలవేటలో పడింది.

అంతా వెళ్ళిపోయాక కూతురు మాలకొండమ్మ చంటిబిడ్డని చంకనేసుకుని దిబ్బ ఎక్కి వచ్చింది. పెనిమిటి చేతికి తెడ్డు వచ్చిన రోజు నుంచి తనూ అక్కడికే వస్తోందట. ఆ సంగతీ గంగులయ్యకి ఇప్పుడే తెలిసింది.

"బిడ్డకి ఎండ తగులుతాది, ఇంటికి పో అమ్మా. నేనుంటాలే. పడవ ఆనగానే కబురు చేస్తా" అన్నాడు.

ఆమె వెళ్ళింది. ఆయన చెట్టు మొదలు మీద కూర్చున్నాడు. పడవ కాసేపు కనబడింది, తర్వాత కనబడలేదు. ఎన్ని వేలసార్లో తను తిరిగిన సముద్రమే. అయినా ఇంత పెద్దదని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఉత్తరాన చిన్న మబ్బు కనబడితే లేచి నిలబడ్డాడు. అది పోయాక కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. పొద్దు వాలే వేళకి కామాక్షమ్మ వచ్చి చూసేసరికి, ఆయన మొదలు మీదెక్కి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, వాచిన మోకాలు సంగతే మరిచిపోయి నిలబడి ఉన్నాడు.

"కూర్చోవయ్యా. నిలబడితే తొందరగా వస్తారా?"

"నువ్వు కూర్చునేదానివా?"

"లేదు" అంది కామాక్షమ్మ, వచ్చి ఆయన పక్కన నిలబడింది.